రెండోసారి చెప్పని మనిషి

నెల్బా ఎచెవెరీ ఏ మాటా రెండోసారి చెప్పదు. ఒకసారి చెబుతుంది, ఊరుకుంటుంది. విన్నవాడు విన్నట్టు, విననివాడి ఖర్మ వాడిది. చూసేవాళ్ళకు ఇది పొగరులా ఉంటుంది గానీ, ఆమెకు తిండి పెట్టేది ఆ పొగరే. మోంటెవిడియోలో గోయెస్ పేటలో, ఒక పొడవాటి సందు చివర, ఒకప్పుడు దర్జీ దుకాణమైన రెండు గదుల్లో, మంగళవారాలూ గురువారాలూ ఆమె మగవాళ్ళను మోకాళ్ళ మీద కూర్చోబెడుతుంది. వాళ్ళు డబ్బిచ్చి మరీ కూర్చుంటారు. మిగతా రోజుల్లో ఆ గదులు యనీనా అనే చిన్నదానివి. ఆమెదీ ఇదే దొరసాని వృత్తి, కాకపోతే ఆమె అరుస్తుంది.

ఈ వృత్తి గురించి జనం ఊహించుకునేది ఒకటి, జరిగేది ఒకటి. జనానికి కొరడా గుర్తొస్తుంది. కొరడా ఉన్నమాట నిజమే, గోడకి వేలాడుతూ ఉంటుంది. వారానికోసారి దాని మీద దుమ్ము దులుపుతారు, అంతే. మిగతాదంతా చాకిరీ. తువ్వాళ్ళు ఉతకాలి, నేల మందునీళ్ళతో కడగాలి, తోలు సామాను నూనె రాసి ఆరబెట్టాలి, మధ్యలో ఎవడైనా ఏడిస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలి. ఒకడు వచ్చి బూట్లు తుడుస్తాడు. ఒకడు మూలన గోడకి మొహం పెట్టి నిలబడతాడు, మధ్యమధ్య నవ్వుకుంటాడు. ఒక పళ్ళ డాక్టరు వంటింట్లో గిన్నెలు తోమి, సరిగా తోమలేదని తిట్టించుకుని, ప్రాణం లేచొచ్చినట్టు ఈలవేసుకుంటూ వెళ్ళిపోతాడు.

"ఇదే పని వాళ్ళావిడ ఊరికే చేయిస్తుందిగా," అంది ఒకసారి యనీనా.

"వాళ్ళావిడ పదిసార్లు చెబుతుంది," అంది నెల్బా. అందులోనే ఉంది కిటుకంతా.

నెల్బా పుట్టుకతో దొరసాని కాదు. వయసులో ఉన్నన్నాళ్ళూ గుర్రపు జీనులూ కళ్ళేలూ నడుం పట్టీలూ కుట్టే తోలు కార్ఖానాలో పనిచేసింది. కుట్టుమిషన్ల రొదలో అక్కడ ఎవరూ ఏదీ రెండుసార్లు చెప్పేవాళ్ళు కాదు. మనిషి కళ్ళలోకి చూసి, పెదాలు కదిలించి, ఒక్కసారి చెప్పడమే. ఒకరోజు పల్లెటూరి నుంచి ఒక పశువుల ఆసామి బెల్టు కుట్టించుకుందామని వచ్చి, కొలత తీస్తుంటే మెలికలు తిరగసాగాడు. "కదలకు," అంది నెల్బా. ఆసామి కొయ్యబారిపోయాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. మర్నాడు మళ్ళీ వచ్చాడు, కొలత తప్పిందేమో చూడమని. ఆ పై వారం ఇంకో బెల్టు కావాలన్నాడు. ఒక్క నడుముకి అన్ని బెల్టులెందుకని కార్ఖానా అంతా బుర్ర గోక్కుంటుంటే, సంగతి నెల్బా ఒక్కదానికే అర్థమైంది. తర్వాత బ్యాంకులు మూతబడిన ఏడు కార్ఖానా కూడా మూతబడింది. ఆమె ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి, మంచాన పడ్డ ముసలివాళ్ళకు ఆయాగా వెళ్ళడం. రెండోది బెల్టుల ఆసామి. ఆసామే నయమనుకుంది, అతనైతే స్నానం తనే చేసి వస్తాడు.

ఇప్పటికీ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో అందరికంటే పాతవాడు మిల్టన్ బెర్రూటి. భార్య పోయిన మనిషి, ఫుట్‌బాల్ రెఫరీ. ఆదివారం మైదానంలో అతను ఈల ఊదాడంటే అయిపోయినట్టే. స్టేడియం స్టేడియమంతా లేచి అతని తల్లిని ఎత్తి తిడుతున్నా, సీసాలు విసురుతున్నా, ఊదిన ఈల ఊదిందే. బలమైన మనిషేనని అందరూ అనుకునేవారు. మంగళవారం నాలుగింటికి ఆ బలమైన మనిషి సందు చివర గంట కొట్టి, కోటు తగిలించి, నల్లరాయి పరిచిన చోట తలవంచుకుని నిలబడేవాడు. లోపలి గదిలోంచి నెల్బా వచ్చి గుమ్మంలో నిలబడి "మోకాళ్ళ మీద" అనేది. అతను మోకరిల్లేవాడు. ఆ తర్వాత బూట్లు తుడవడమో, ఊరికే కూర్చోవడమో. అడగందే మాట్లాడకూడదు. చూపు నేల మీదే ఉండాలి. అంతకంటే ఏమీ లేదు.

"ఆదివారమంతా అన్నీ నేనే తేల్చాలి సెన్యోరా," అని మొదట్లో ఒకసారి, అడిగినప్పుడు చెప్పాడు. "ఒక్క గంట నా బదులు ఇంకెవరైనా తేలిస్తే చాలు."

తర్వాత మైదానాల్లోకి టీవీ తెర వచ్చింది. రెఫరీ ఈల ఊదాక కూడా తెర ముందు కూర్చున్నవాళ్ళు అతని చెవిలోని యంత్రంలో ఏదో చెబుతారు. అతను పరిగెత్తుకుంటూ వెళ్ళి తెరలో మళ్ళీ చూసి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి, అంతమంది ముందు తన మాట తనే వెనక్కి తీసుకోవాలి. మొదటిసారి అలా పరిగెత్తాల్సి వచ్చిన రోజే మిల్టన్ ఈల తీసి బల్ల మీద పెట్టేసి ఇంటికెళ్ళిపోయాడు. అప్పటినుంచి కుర్ర రెఫరీలకు పాఠాలు చెబుతున్నాడు. మంగళవారం మాత్రం మానలేదు. ఇంకా ముందే వచ్చి సందు మొదట్లో తచ్చాడేవాడు. మాట ఒక్కసారే చెప్పేచోటు అతనికి ఈ భూమ్మీద ఇదొక్కటే మిగిలింది.

అలాంటిచోటికి మికేలా కెమెరా పట్టుకొచ్చింది.

మికేలా నది అవతల బ్యూనోస్ ఎయిరెస్ పిల్ల. అక్కడివాళ్ళకు మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకోవాల్సిన అవసరం ఉండదు. దొరసానుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నానంది. రక్తాలూ కన్నీళ్ళూ కాదు, రోజువారీ పని కావాలంది. ఇంతకుముందు కూడా ఒకరిద్దరు పత్రికలవాళ్ళు వచ్చి, చిన్నప్పుడు నిన్నెవరు కొట్టారు, నీకు మగవాళ్ళంటే ఎందుకంత కసి అని అడిగితే నెల్బా తలుపు చూపించింది. మికేలా మాత్రం గదంతా కలియజూసి, "ఈ నేల దేంతో కడుగుతారు, మెరిసిపోతోంది?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. నెల్బా అక్కడే పడిపోయింది.

మొహం చూపించడానికి ఆమెకు అభ్యంతరం లేదు. దాచుకోవాల్సింది ఎవరి దగ్గర? సాల్తో ఊళ్ళో ఉండే అక్కకు ఎప్పుడో తెలుసు. ఆ అక్క అడిగేదల్లా ఒక్కటే, పింఛను కడుతున్నావా లేదా అని. కానీ మికేలాకు మోకరిల్లే మనిషి కూడా ఒకడు కావాలి. పళ్ళ డాక్టరు పేరెత్తగానే చెమటలు కక్కాడు. మిల్టన్ తోలు ముసుగు వేసుకుని కనిపించొచ్చు, ఎవరూ గుర్తుపట్టరు. కానీ అతనికి మనసొప్పలేదు.

"మీరు ఒప్పుకోమంటారా సెన్యోరా?" అన్నాడు.

"ఒప్పుకో," అంది నెల్బా. ఒక్కసారే అంది. అతను తల ఊపాడు. ఆ మాటకు తర్వాత ఆమె ఎన్ని రాత్రులు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

షూటింగు మంగళవారం పెట్టారు. మికేలా, ఆమె వెంట పొడవాటి కర్రకు మైకు కట్టుకుని ఇవో అనే ముభావపు మనిషి వచ్చారు. దీపాలు పెట్టారు, కొరడాని గోడ మీద కాస్త పక్కకి జరిపారు. మిల్టన్ ముసుగేసుకుని నల్లరాయి మీద నిలబడ్డాడు. నెల్బా ఎప్పటిలా లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అతన్ని చూసింది. "మోకాళ్ళ మీద," అంది. అతను వంగి మోకరిల్లాడు. మైకు పట్టుకున్న ఇవో మోకాళ్ళు కూడా కాస్త వంగాయని, వేడుక చూడ్డానికొచ్చిన యనీనా తర్వాత ఊరంతా చెప్పుకొచ్చింది.

"అద్భుతం, బంగారం," అంది మికేలా. "ఇంకొక్కసారి."

"ఏం ఇంకొక్కసారి?"

"వీధిలో పాత ఇనుము బండివాడు అరిచాడు. ఆ కేక మీ మాటలో పడిపోయింది."

"నేను రెండోసారి చెప్పను," అంది నెల్బా.

"రెండోసారి ఎందుకవుతుంది బంగారం? మీరు చెప్పేది మొదటిసారే. నేను తీసేది రెండోసారి."

ఈ మాటలో ఏదో మెలిక ఉందని నెల్బాకు తెలుస్తూనే ఉంది, ఎక్కడుందో పట్టుకోలేకపోయింది. లోపలి గదిలోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఈసారి ఇవో మైకు నీడ గోడ మీద పడింది. మళ్ళీ వెళ్ళింది. తర్వాత మొహం దగ్గరగా కావాలన్నారు, ఆ తర్వాత చేతులు, ఆ తర్వాత బూట్లు ఒక్కటే. గుమ్మంలో కాస్త ఎడమకి జరగమన్నారు. ఇంత ఎడమ కాదన్నారు. నెల్బా జరిగింది, కదిలింది, ఆగింది. గంగిరెద్దులా తలూపింది.

ఎందుకు ఒప్పుకుందంటే, హాయిగా ఉంది. ఎవరికీ చెప్పని నిజం అది. ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, ఎప్పుడు నడవాలో ఇంకొకరు చెబుతుంటే భుజాల మీది బరువంతా దిగిపోయినట్టనిపించింది. మగవాళ్ళు ఇన్నేళ్ళుగా తన దగ్గరికి దేనికొస్తున్నారో ఆమెకు ఆ మధ్యాహ్నమే ఒంటికి తెలిసింది. తెలిసి ఉండకపోతే బావుండేదని కూడా ఆ సాయంత్రమే తెలిసింది.

మిల్టన్ లేచి నిలబడుతున్నాడు, మోకరిల్లుతున్నాడు, మళ్ళీ లేస్తున్నాడు. ముసుగు లోపల ఊపిరి బరువుగా వినిపిస్తోంది. ఎన్నోసారో మరి, నెల్బా గుమ్మంలో నిలబడి ఆ మాట అని, వెంటనే తల తిప్పి, "ఇలా సరిపోయిందా మికేలా?" అని అడిగింది.

"సరిపోయింది గానీ ఇంకాస్త కోపంగా అంటే బావుంటుంది బంగారం."

"సరే," అంది నెల్బా.

లోపలికి నడుస్తుంటే ఆమె ఎడమ కాలు కలుక్కుమంది. ఎత్తు మడమల బూట్లతో అంతసేపు నడిచే వయసు కాదు. అప్పుడు వెనకనుంచి, ముసుగులోంచి, గుసగుసగా వినిపించింది.

"సెన్యోరా, కాలు నొప్పి పుడుతోందా?"

అడగందే మాట్లాడకూడదు. అంతకాలంగా ఎన్నడూ మాట్లాడలేదతను. నెల్బా విననట్టు నటించింది. విననట్టు నటించడం కూడా ఆమెకు అదే మొదలు.

కెమెరా వాళ్ళు బిస్కోచో బన్నులు తిని, దీపాలు సర్దుకుని వెళ్ళిపోయారు. మిల్టన్ ముసుగు మడిచి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ నేల మీదుండే చూపు నేరుగా ఆమె మొహం మీదికి వచ్చింది. "చాలా శ్రమపడ్డారు సెన్యోరా. మాతే టీకి నీళ్ళు పెట్టనా?" అన్నాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.

"వద్దు," అంది నెల్బా. పై మంగళవారం అతను రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు.

"ఫోన్ చెయ్యవే తల్లీ," అంది యనీనా, మాతే పోసిన సొరబుర్ర ఆమె చేతిలో పెడుతూ.

"నేను చెయ్యను. వాళ్ళు చెయ్యాలి. నేను చేస్తే అడుక్కున్నట్టుంటుంది."

"ఒంట్లో బాగాలేదేమో, అడిగితే తప్పేంటి?"

"బాగానే ఉంది. కుర్రాళ్ళకి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాట్ట. రొట్టెల కొట్టువాడు చెప్పాడు."

"అంటే రొట్టెల కొట్టువాణ్ణి అడిగావన్నమాట."

"వాడే చెప్పాడు."

"వాడికి కలొచ్చిందేమో, నెల్బాకి మిల్టన్ సంగతి కావాలని," అంది యనీనా. నెల్బా మాతే చప్పుడొచ్చేదాకా పీల్చి బుర్ర తిరిగి ఇచ్చింది. యనీనాకు నోరెక్కువ, కాకపోతే తప్పు మాట్లాడదు. ఆ నోరు నెల్బాకు అప్పుడప్పుడూ చెంపదెబ్బలా తగులుతుంది.

అసలు దెబ్బ గురువారం తగిలింది. పళ్ళ డాక్టరు గిన్నెలు తోముతున్నాడు. ఒక పళ్ళెం అంచున జిడ్డు మిగిలిపోయింది. "అది మళ్ళీ తోము," అంది నెల్బా. అతను ఏదో ఆలోచనలో ఉండి పళ్ళెం కేసి చూస్తూ నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు పాపం, మరేం లేదు.

"మళ్ళీ తోము అన్నానా," అంది నెల్బా.

మాట తన నోట్లోంచి బయటపడటం తన చెవులతో తనే వింది. పళ్ళ డాక్టరు తలెత్తి చూశాడు. ఇంట్లో భార్యను చూసే చూపు అది, అలవాటైన, విసుగు కలిసిన, 'తోముతున్నాలే' అనే చూపు. తోమాడు, తుడిచాడు, డబ్బు పెట్టాడు. వెళ్ళేటప్పుడు ఈలవెయ్యలేదు.

నెల్బాకు భయం వేసింది. కార్ఖానా మూతబడ్డప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు పోయింది జీతం. ఇప్పుడు పోయేది తనే. షూటింగు రోజున నాలుక ఆ రుచి మరిగింది, చెప్పిందే చెప్పడం దానికి అలవాటైపోయింది. ఇంక ప్రతి మాటకూ రెండో మాట తోకలా వేళ్ళాడుతుందేమో. తోకలున్న మాటలు ఎవరు వింటారు? పక్కింటావిడ పిల్లల్ని స్నానానికి పిలుస్తుంటే వింటూ కూర్చుని, నెల్బా చేతులు నలుపుకుంది. ఆ పిల్లలు ఒక్కరూ కదలడం లేదు.

ఆ వారమే మికేలా ఫోన్ చేసింది.

"నెల్బా, బంగారం, ఒక్క షాటు మిగిలిపోయింది. మీరు గుమ్మంలోంచి రావడం. చిన్న పనే, అరగంట. రేపొస్తాను."

"వద్దు," అంది నెల్బా.

"అయ్యో, మళ్ళీ ఆయన అక్కర్లేదు, మీరొక్కరే. మాట కూడా అక్కర్లేదు, ఊరికే నడిస్తే చాలు. ఇవో కూడా రాడు. నేను, కెమెరా, అంతే. ఏమంటారు?"

నెల్బా ఏమీ అనలేదు. ఫోన్ పెట్టెయ్యలేదు, మాట్లాడనూ లేదు. అవతల మికేలా రెండో 'వద్దు' కోసం ఎదురుచూస్తోంది. రెండో 'వద్దు' వస్తే దానితో బేరం పెట్టొచ్చు, దాన్ని బతిమాలొచ్చు, మూడో దాని దాకా లాక్కెళ్ళొచ్చు. అది రాలేదు. నది అవతలి పిల్లకు మొదటిసారి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"సరేలెండి," అంది చివరికి. "ఉన్నదాంతో సర్దుకుంటాను."

సర్దుకుంది కూడా. మరుసటి ఏడు సినిమా వచ్చినప్పుడు చూస్తే, అందులో పెట్టింది మొట్టమొదట తీసిందే, పాత ఇనుము బండివాడి కేకతో సహా. మిగతావన్నీ పనికిరాలేదట, ముసుగాయన మరీ మర్యాదగా మోకరిల్లుతున్నాడట. కానీ అప్పటికి ఈ సంగతి ఎవరికి తెలుసు? ఫోన్ పెట్టేశాక నెల్బాకు తెలిసింది ఒక్కటే, తన నాలుక ఇంకా పూర్తిగా చెడిపోలేదని. ఆ పూట ఆమె రొట్టెతో పాటు చీజు కూడా తింది.

ఆదివారం వీధి సంతలో గుమ్మడికాయల బండి దగ్గర మిల్టన్ కనిపించాడు. బయట ఎదురుపడితే ఒకరినొకరు ఎరగనట్టు పోవాలి. ఇది ఈ వృత్తిలో ఎవరూ చెప్పక్కర్లేని నియమం. నెల్బా ఎరగనట్టు ఆకుకూరల వైపు తిరిగింది. మిల్టన్ నేరుగా వచ్చి ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

"ఇటివ్వండి, నేను పట్టుకుంటాను."

"ఎవరు పట్టుకోమన్నారు మిమ్మల్ని?" అంది నెల్బా. నాలుగు గోడల అవతల ఆమె అతన్ని మీరు అనే అంటుంది.

"ఎవరూ అన్లేదండి. బరువుగా ఉందని పట్టుకున్నాను." అతను ఆగాడు. "అదేనండి, గొడవంతా అదే."

"ఏం గొడవ?"

"ఆ రోజు ఆ పిల్ల మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ గుమ్మంలోకి తిప్పుతుంటే, మీరు కాలీడ్చుకుంటూ తిరిగారు. నేను ముసుగులోంచి చూస్తూనే ఉన్నాను. పాపం ఈవిడకో కుర్చీ తెచ్చి వేస్తే బావుండు అనిపించింది. అలా అనిపించాక ఇంకేం మిగిలింది సెన్యోరా? కుర్చీ వెయ్యాలనిపించిన మనిషి ముందు మోకరిల్లడం ఎలాగ?"

"నా మీద జాలి పడుతున్నారా?"

"జాలైతే ఎలాగోలా సర్దుకునేవాణ్ణి. జాలి కాదు, ఇష్టం." అతను సంచిలో టమాటాలకేసి చూస్తూ చెప్పాడు. "ఆ టీవీ తెర చూడలేక మైదానం వదిలేశాను. మీ గుమ్మంలో కూడా అదే చూడాల్సొచ్చింది."

నెల్బా గుండె ఒక్కసారి ఎగిరిపడింది. ఎగిరిపడినందుకు దాని మీద కోపం వచ్చింది. ఈ వయసులో, గుమ్మడికాయల మధ్య, చేతిలో సంచి కూడా లేకుండా నిలబడి ఈ మాట వినాలా? ఒప్పుకోమన్నది తానే. అతనికి ఉన్న ఒక్క గంటా తానే పాడుచేసింది. ఆ సంగతి అతనికి చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది. నచ్చజెప్పడం మొదలుపెడితే ఇక అయిపోయినట్టే, నచ్చజెప్పే దొరసాని ఎక్కడుంది? ఇష్టమంటే అతనికి ఉండనీ. ఇష్టముంటే మాట వినకూడదని ఎక్కడుంది?

ఆమె అతని కళ్ళలోకి చూసింది. "మంగళవారం నాలుగింటికి రా," అంది.

అదే క్షణాన గుమ్మడికాయలవాడు, "తియ్యటి గుమ్మడి, కోసి చూపిస్తా, తేనె లాంటి గుమ్మడి" అని వాళ్ళిద్దరి మధ్యనుంచి గొంతు చించుకున్నాడు. ఆ గుమ్మడికాయే వాడి నోట్లో కుక్కాలనిపించింది నెల్బాకు. మిల్టన్ మొహంలో ఏ మార్పూ లేదు. ఏళ్ళ తరబడి స్టేడియం గోల విని విని అతనికి ఒక చెవి సగమే పనిచేస్తుంది. ఏ చెవో నెల్బాకు తెలీదు. అతను సంచి మెల్లగా ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఇంతకీ విన్నాడా, లేదా?" అంది యనీనా సోమవారం.

"తెలీదు."

"వెనకాలే వెళ్ళి అడగొచ్చుగా?"

"అడిగితే రెండోసారి చెప్పినట్టేగా."

"నీ అంత మొండిఘటాన్ని నేనెక్కడా చూళ్ళేదు," అంది యనీనా. "ఆ గుమ్మడికాయలవాణ్ణి తీసుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చోబెడతా నేను, పైసా తీసుకోకుండా." ఆ మాటకు నెల్బా నవ్వింది గానీ, ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టలేదు.

మంగళవారం పొద్దుట్నుంచీ వాన. పక్కింట్లో పిండి రొట్టెలు వేయిస్తుంటే సందంతా ఆ వాసనే. నెల్బా నేల కడిగింది. కడిగిన నేలే ఇంకోసారి కడిగింది. నేలకైతే రెండోసారి చెప్పొచ్చు, అది ఏమీ అనుకోదు. బూట్లు వేసుకుని లోపలి గదిలో నిలబడింది. అతను రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

గంట మోగింది. తలుపు గడియ తీసి ఉంచింది కాబట్టి అతనే లోపలికి వచ్చాడు. కోటు తగిలించిన చప్పుడు, తర్వాత ఇంకేదో టపటపమన్న చప్పుడు. ఆమె తలుపు సందులోంచి చూసింది. మిల్టన్ సముద్రపొడ్డుకు తీసుకెళ్ళే చారల గుడ్డ మడతకుర్చీ ఒకటి తెచ్చి, నీళ్ళు దులిపి, గుమ్మం పక్కన వేస్తున్నాడు. దాని కాలొకటి ఇరుక్కుపోతే తంటాలు పడుతున్నాడు. ఎలాగో వేసి, నల్లరాయి మీదికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు.

అంటే విన్నాడు. కానీ కుర్చీ ఎందుకు తెచ్చినట్టు? వినడానికి వచ్చాడా, జాలి పడటానికి వచ్చాడా? నెల్బా గుమ్మంలోకి వచ్చింది. అతన్ని చూసింది.

"మోకాళ్ళ మీద."

మిల్టన్ కదల్లేదు.

వాన చూరు మీద నుంచి ధారగా పడుతోంది. అతను అలాగే నిలబడి ఉన్నాడు, తలవంచుకునే. నెల్బా నోట్లో ఆ మాట మళ్ళీ తయారైంది. నాలుక చివరకొచ్చి కూర్చుంది. అంటే అయిపోతుంది, అతను వంగుతాడు. మర్యాద తెలిసిన మనిషి, తప్పకుండా వంగుతాడు. ఆ తర్వాత ఆమె చెప్పిన పనల్లా అతను మర్యాదగా చేసిపెడతాడు. అనకపోతే అతను కోటు తీసుకుని వెళ్ళిపోవచ్చు, ఇక ఎప్పటికీ రాకపోవచ్చు. అతను పోతే ఏమవుతుందో ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది. డబ్బు కాదు. తన మాటను అందరికంటే ఎక్కువగా నమ్ముకున్న మనిషి పోతాడు. ఇతను తనకు కావాలి. అంత కావాలి కాబట్టే ఆ మాట రెండోసారి అనకూడదు. నెల్బా పళ్ళు బిగబట్టి నాలుకని నొక్కిపట్టింది.

మిల్టన్ చెయ్యి నెమ్మదిగా గోడ మీదికి వెళ్ళింది. ఒక కాలు వణుకుతూ వంగింది. రెండో కాలు సగం వంగి ఆగిపోయింది. అతను పంటి బిగువున ఏదో సణుక్కున్నాడు, బహుశా రెఫరీగా ఉన్నప్పుడు విన్న తిట్లలో ఒకటి. తర్వాత టక్కున ఒక చప్పుడు వినిపించింది, రెండు మోకాళ్ళూ రాయికి తగిలాయి.

"క్షమించండి సెన్యోరా," అన్నాడు రొప్పుతూ, నేలకేసి చూస్తూ. "మీరన్నప్పుడే వంగుదామనుకున్నా. వానకి మోకాళ్ళు పట్టేశాయి. ఆ షూటింగు రోజు నుంచీ ఇంతే."

నెల్బా నొక్కిపట్టిన నాలుకని వదిలింది. "నిన్ను మాట్లాడమన్నానా?" అంది.

"లేదు సెన్యోరా."

అతను తల ఇంకాస్త వంచాడు. అలసిపోయిన ఆ భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి, ఇన్ని వారాలుగా మోస్తున్నదేదో దింపేసినట్టు. నెల్బా వెళ్ళి చారల కుర్చీలో కూర్చుంది. గుడ్డ ఇంకా తడిగానే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకదాని వెంట ఒకటి. అతని చూపు నేల మీద ఉంది కాబట్టి ఆమె తొందరేమీ పడలేదు. తీరిగ్గా కళ్ళు తుడుచుకుని, కాలు ముందుకు చాపి, బూట్లు తుడవమంది.